బాండు నిల్వ చూడ్డానికి నలభై సెకన్లు: పోస్ట్‌గ్రెస్ 11 నుంచి 16కి మారాక

నాలుగో ఛాంబర్ (గుంటూరు)

అందరికీ నమస్కారమండీ. ముందే చెప్పేస్తున్నాను, నేను డీబీఏని (డేటాబేస్ నిపుణురాలిని) కాదు. గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీలో పని చేస్తాను. పదహారేళ్ల కిందట కాటా దగ్గర చీటీలు రాయడానికి చేరాను. తర్వాత కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు. సాఫ్ట్‌వేర్ రాసిచ్చిన అబ్బాయి కెనడా వెళ్లిపోయాక అది కూడా నా నెత్తినే పడింది. నాకు వచ్చిన ఎస్‌క్యూఎల్ అంతా అతను రాసినవి చూసి చూసి నేర్చుకున్నదే. అందుకని చెప్పేవాళ్లు కాస్త నిదానంగా చెప్పండి.

మాకు మూడు యూనిట్లు, మూడింటికీ ఒకటే డేటాబేస్. ఒక్కో యూనిట్లో లక్షా పదివేల టిక్కీలు (మిర్చి బస్తాలు) పడతాయి. సరుకు పెట్టినప్పుడు రైతుకు ఇచ్చే రసీదే బాండు. బాండ్ల టేబుల్లో పదకొండు సీజన్లవి కలిపి లక్షా ఇరవై వేల రికార్డులు, గేట్ పాసుల టేబుల్లో లక్షన్నర. టిక్కీకో తూకం రాస్తాం కాబట్టి తూకాల టేబుల్ పెద్దది, ముప్పై ఆరు లక్షలు.

పాత సర్వర్ సెంటాస్ 7 (ఒక రకం లైనక్స్) మీద పోస్ట్‌గ్రెస్ 11 డేటాబేస్ సాఫ్ట్‌వేర్. పోస్ట్‌గ్రెస్ 11కి 2023 నవంబరులో, సెంటాస్ 7కి 2024 జూన్‌లో అప్‌డేట్లు ఆగిపోయాయి. పైగా ఆ డబ్బాలో ఫ్యాను చప్పుడు పిండిమరను మించిపోయింది. మేలో మిర్చి యార్డుకు వేసవి సెలవులు ఇస్తారు కదా, ఆ రోజుల్లో సరుకు బయటికి తీసేవాళ్లు ఉండరు, అప్పుడు మార్చేద్దామని ఓనరు గారిని ఒప్పించాను. కొత్తది ఉబుంటు 22.04 లైనక్స్, 32 జీబీ ర్యామ్, ఎన్‌వీఎంఈ డిస్క్. పాత డేటా ఫోల్డర్ మొత్తం కాపీ చేసి, కొత్త సర్వర్‌లో 11, 16 రెండూ వేసి, పాత వెర్షన్ డేటాను కొత్తదానికి మార్చే పీజీ_అప్‌గ్రేడ్ నడిపాను. అరగంటలో అయిపోయింది. సెట్టింగుల ఫైలు కూడా పాతదే తెచ్చి పెట్టాను. వాల్_కీప్_సెగ్మెంట్స్ అనే లైను దగ్గర సర్వర్ లేవనంది. ఆ పేరు 13 నుంచి మారిపోయిందని వెతికితే తెలిసింది. ఆ లైను తీసేస్తే లేచింది. సెలవుల్లో రోజుకు నాలుగైదు బాండ్లు చూసుకునేవాళ్లం. కొంచెం నెమ్మదిగా ఉన్నట్టు అనిపించింది గానీ కొత్త మిషను కదా, సర్దుకుంటుందిలే అనుకున్నాను.

నిన్న సోమవారం యార్డు తెరిచారు. పొద్దున ఏడింటికే గేటు ముందు ఆటోలు, ట్రాక్టర్లు. కమీషన్ వ్యాపారుల గుమాస్తాలు శాంపిళ్ల కోసం, రైతులు సరుకు తీయించుకోవడం కోసం. రెండో యూనిట్లో 'నిల్వ చూపు' స్క్రీన్ తెరిస్తే చక్రం తిరుగుతూనే ఉంది. గడియారం పెట్టి చూశాను, నలభై సెకన్లు. పాత సర్వర్‌లో అర సెకనుకు మించేది కాదు. ప్రత్తిపాడు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన కాసేపు చూసి, "చేత్తో పుస్తకం తిప్పిన రోజులే నయం కదమ్మా" అన్నారు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

నేను చేసినవి: సర్వర్ రెండుసార్లు రీస్టార్ట్ చేశాను. పార్టీ పేరు మీద ఇంకో ఇండెక్స్ (త్వరగా వెతకడానికి పెట్టుకునే జాబితా) వేశాను, ఏమీ మారలేదు. టాప్ కమాండ్‌లో చూస్తే ఒక సీపీయూ కోర్ నూటికి నూరు కొడుతోంది, డిస్క్ మాత్రం ఖాళీగా ఉంది. ఇది 16లో లోపమా? వెనక్కి 11కే వెళ్లిపోవాలా? ఓనరు గారు ఆ మాటే అడుగుతున్నారు.

ఇంకో చిన్న విషయం, దీనికి సంబంధం ఉందో లేదో తెలియదు. రెండు మూడు బాండ్ల నంబర్లు కొడితే 'లేదు' అని వస్తోందని గుమాస్తా అంటున్నాడు. టైపింగ్ తప్పే అయి ఉంటుంది.

గవర్నర్‌పేట హార్డ్‌వేర్

మేడమ్, 16కి 32 జీబీ చాలదు. 64 చేయించండి. కావాలంటే రేటు మెసేజ్ చేస్తాను. విజయవాడ నుంచి గుంటూరు ఎంత దూరం, సాయంత్రానికి పంపించేస్తాం.

నాలుగో ఛాంబర్

ర్యామ్‌లో ఇరవై జీబీ ఖాళీగానే ఉందండీ. డేటాబేస్ మొత్తం కలిపి నాలుగు జీబీ. దానికి 64 ఎందుకు?

ఆటోనగర్ టేబుల్

అక్కా, ర్యామ్ సంగతి పక్కన పెట్టండి. వెనక్కి కూడా వెళ్లొద్దు. డిస్క్ ఖాళీగా ఉండి ఒక కోర్ మాత్రం కొట్టుకుంటోందంటే, చేసిన పనే మళ్లీ మళ్లీ చేస్తోందని లెక్క. నేను విజయవాడ ఆటోనగర్‌లో లారీ ట్రాన్స్‌పోర్టుల బుకింగ్ డేటాబేస్‌లు చూస్తుంటాను, ఇదే గుంటలో నేనూ ఒకసారి పడ్డాను.

పీజీ_అప్‌గ్రేడ్ అయిపోయాక చివర్లో నాలుగు లైన్లు వస్తాయి, చదివారా? ఆప్టిమైజర్ గణాంకాలు బదిలీ కాలేదు, సర్వర్ లేచాక వాక్యూమ్‌డీబీతో అనలైజ్ నడపండి అని అందులో ఉంటుంది. అరగంటలో అప్‌గ్రేడ్ అయిందన్న సంతోషంలో అది ఎవరూ చదవరు. నేనూ చదవలేదు.

గణాంకాలు అంటే ఏ కాలమ్‌లో ఎన్ని రకాల విలువలున్నాయి, ఏది ఎంత ఎక్కువగా వస్తుంది అన్న లెక్క. క్వెరీని ఏ దారిన నడపాలో పోస్ట్‌గ్రెస్ దాన్ని చూసే నిర్ణయించుకుంటుంది. ఆ లెక్క లేకపోతే గుడ్డి అంచనా వేస్తుంది: ఈ కాలమ్‌లో 200 రకాలు ఉంటాయిలే అనుకుంటుంది. మీ యూనిట్లు మూడే అయినా 200, సీజన్లు పదకొండే అయినా 200. (2025లో వచ్చిన 18 నుంచి పీజీ_అప్‌గ్రేడే ఈ గణాంకాలను చాలావరకు వెంట తెస్తుంది. మనది 16 కాబట్టి మనమే చేసుకోవాలి.)

నన్ను నమ్మి నడిపేయకండి, ముందు మీ కళ్లతో చూడండి. ఆ స్క్రీన్ వెనకున్న క్వెరీ ముందు ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్ అని పెట్టి నడిపితే అది ఏ దారిన నడిచిందో చూపే ప్లాన్ వస్తుంది, దాన్ని ఇక్కడ పెట్టండి. అలాగే పీజీ_స్టాట్_యూజర్_టేబుల్స్‌లో లాస్ట్_అనలైజ్, లాస్ట్_ఆటోఅనలైజ్ గడుల్లో ఏముందో చెప్పండి.

నాలుగో ఛాంబర్

తమ్ముడూ, రెండు గడులూ అన్ని టేబుళ్లకీ ఖాళీయే. ఒక్క తేదీ కూడా లేదు.

క్వెరీలో మూడు షరతులున్నాయి: ఈ సీజన్, యూనిట్ 2, స్థితి 'నిల్వ'. అలా వచ్చిన బాండ్లకు గేట్ పాసులు జోడించి, వెళ్లిన టిక్కీలు తీసేసి, మిగిలినవి చూపిస్తుంది. ప్లాన్ ఇరవై లైన్లు వచ్చింది. నాకు అర్థమైనంత వరకు రాస్తున్నాను.

పైన నెస్టెడ్ లూప్. దాని కింద బాండ్ల టేబుల్ దగ్గర అంచనా రోస్ (రికార్డులు) 1, అసలు రోస్ 3,104. ఆ కింద గేట్ పాసుల మీద సీక్వెన్షియల్ స్కాన్ (టేబుల్ మొత్తం చదవడం), టైము 12 మిల్లీ సెకన్లు, పక్కన లూప్స్ 3,104 అని ఉంది. మొత్తం 37 సెకన్లు చిల్లర.

ఈ 12 మిల్లీ సెకన్లు చూసి మొదట ఇక్కడేం తప్పు లేదులే అనుకున్నాను. తర్వాత క్యాలిక్యులేటర్ తీసి 3,104ని 12తో గుణించాను. 37,248. అప్పుడు వెలిగింది.

ఆటోనగర్ టేబుల్

అక్కా, సగం పని మీరే చేసేశారు. లూప్స్‌తో గుణించి చూడాలని చాలామంది డెవలపర్లకే తెలియదు.

ఆ 1 ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. లక్షా ఇరవై వేల బాండ్లు. సీజన్ షరతుకి 200తో భాగించింది, 600. యూనిట్ షరతుకి మళ్లీ 200, 3. స్థితికి ఇంకోసారి, సున్నా దగ్గరికి వచ్చేసింది. సున్నా అని మాత్రం అనుకోదు, కనీసం 1 అనుకుంటుంది. ఒక్క బాండే వస్తుందనుకున్నాక, దానికి గేట్ పాసుల పుస్తకం మొదటి నుంచి చివరి దాకా ఒకసారి తిరగేస్తే సరిపోతుందని పెట్టుకుంది. తీరా వచ్చినవి 3,104. లక్షన్నర గేట్ పాసులను 3,104 సార్లు తిరగేసింది పాపం. ఒకే పార్సిల్ ఉందని చెప్పి పంపిన డ్రైవరుకి వెళ్లాక మూడు వేలు చూపించి, ఒక్కొక్కటీ విడివిడిగా తిరిగి తెమ్మన్నట్టు.

ఇప్పుడు వాక్యూమ్‌డీబీని ఆల్, అనలైజ్-ఇన్-స్టేజెస్ అన్న రెండు ఆప్షన్లతో నడపండి. ముందు పైపైన లెక్క కట్టి, తర్వాత పూర్తిగా కడుతుంది. నాలుగు జీబీకి నిమిషం కూడా పట్టదు. గేటు నడుస్తుండగానే చేయొచ్చు, ఎవరి పనీ ఆగదు.

రెండోది. గేట్ పాసుల్లో బాండు ఐడీ మీద ఇండెక్స్ లేదు, అందుకే ప్రతిసారీ మొత్తం తిరగేసింది. ఫారిన్ కీ (గేట్ పాసును దాని బాండుకు కట్టే నియమం) పెట్టాం కదా, ఇండెక్స్ దానంతటదే వచ్చేసి ఉంటుందని చాలామంది అనుకుంటారు. పోస్ట్‌గ్రెస్ వేయదు. మనమే వేసుకోవాలి. కాన్‌కరెంట్‌లీ అని పెట్టి వేయండి, ఎంట్రీలు ఆగవు. మీరు పార్టీ పేరు మీద వేసిన కొత్త ఇండెక్స్ తీసేయండి, ఎంట్రీలకు బరువు తప్ప దానివల్ల ఒరిగేదేమీ లేదు.

మూడోది, నాకు అంతుబట్టనిది. ఇన్ని రోజులైనా ఆటోవాక్యూమ్ (పోస్ట్‌గ్రెస్‌లో వెనక నడిచే శుభ్రం చేసే పని) తనంతట తాను అనలైజ్ ఎందుకు చేయలేదు? పొద్దున్నుంచి మీ గేటు దగ్గర వందల అప్‌డేట్లు జరిగి ఉంటాయి కదా. ఒకసారి ఆ సెట్టింగు చూడండి.

నాలుగో ఛాంబర్

చూశాను. ఆటోవాక్యూమ్ ఆఫ్! నేను పాత సర్వర్ నుంచి తెచ్చిన ఫైల్లోనే అలా ఉంది. పక్కన కామెంటు కూడా ఉంది, సాయంత్రం ఎంట్రీలకు స్లో అవుతోంది కాబట్టి ఆపాను, రాత్రి క్రాన్‌లో (పెట్టిన టైముకి పనులు నడిపేది) నడుస్తుంది అని. మా కెనడా అబ్బాయి పనే. పాత సర్వర్‌లో రాత్రి రెండింటికి అనలైజ్ చేసే క్రాన్ జాబ్ ఉంది, అది అక్కడే ఉండిపోయింది. డేటా తెచ్చాను, సెట్టింగులు తెచ్చాను, క్రాన్ ఉందన్న సంగతే నాకు తెలియదు. ఆ పాత డబ్బా ఇంకా మూలన ఆన్‌లోనే ఉంది. ఎవరూ వాడని డేటాను రోజూ రాత్రి రెండింటికి ఎంతో శ్రద్ధగా లెక్కపెడుతోంది.

ఆటోవాక్యూమ్ ఆన్ చేశాను. అనలైజ్ నడిపాను, నలభై సెకన్లు పట్టింది (నిన్న ఒక్క స్క్రీన్ తెరవడానికే అంత పట్టింది!). ఇండెక్స్ వేశాను. 'నిల్వ చూపు' ఇప్పుడు 0.3 సెకను. ప్లాన్‌లో బాండ్ల అంచనా 3,060, అసలు 3,097. నెస్టెడ్ లూప్ పోయి హాష్ జాయిన్ (రెండు టేబుళ్లనూ ఒక్కోసారే చదివి జోడించే పద్ధతి) వచ్చింది. గుమాస్తా ఎంటర్ కొట్టి చెయ్యి తీసేలోపు స్క్రీన్ వచ్చేసరికి ఉలిక్కిపడ్డాడు.

ఒక్కటే మిగిలింది. అద్దె లెక్క రిపోర్టు. పాతదాంట్లో మూడు సెకన్లు, ఇప్పుడు ఎనిమిది. సీజన్ మొత్తానికి తీసే పెద్ద క్వెరీ అది, విత్ అని మొదలవుతుంది. ప్లాన్ అడుగున ఎప్పుడూ చూడని కొత్త లైన్లు వచ్చాయి: జిట్, ఫంక్షన్స్ 186, టోటల్ 2,300 మిల్లీ సెకన్లు.

ఆటోనగర్ టేబుల్

అందులో రెండు ముక్కలున్నాయి అక్కా. జిట్ అంటే క్వెరీలోని లెక్కలను అప్పటికప్పుడు మెషిన్ కోడ్‌గా మార్చుకోవడం. 11లో వచ్చింది గానీ ఆఫ్‌లో ఉండేది, 12 నుంచి ఆన్‌లోనే వస్తోంది. కోట్ల రికార్డులు లెక్కపెట్టే చోట లాభం. మీ రిపోర్టుకు కోడ్ తయారు చేసుకోవడానికే 2.3 సెకన్లు పోతోంది. ఆల్టర్ డేటాబేస్‌తో మీ డేటాబేస్‌కు జిట్ ఆఫ్ పెట్టేయండి, మీ సైజుకు అది అక్కర్లేదు.

మిగతాది విత్ వల్ల. 11 వరకు విత్‌లో రాసిన భాగాన్ని ముందు విడిగా నడిపి, ఫలితం పక్కన పెట్టుకునేది. 12 నుంచి ఆ భాగాన్ని ఒక్కసారే వాడితే ప్రధాన క్వెరీలో కలిపేస్తుంది. చాలా క్వెరీలకు అదే మంచిది, కొన్నింటికి బెడిసికొడుతుంది. మీ క్వెరీలో యాజ్ పక్కన మెటీరియలైజ్డ్ అన్న మాట చేర్చండి, పాత పద్ధతిలోనే నడుస్తుంది. మీ సాఫ్ట్‌వేర్ అబ్బాయి కావాలనే అలా విడగొట్టి ఉంటాడు, అప్పట్లో అదొక చిట్కా.

పాత సిస్టమ్స్ మాస్టారు

అమ్మా, అందరూ స్పీడు వెంట పడ్డారు. మీరు మొదటి పోస్టు చివర ఒక మాట అన్నారు, దాని ఊసే ఎవరూ ఎత్తలేదు. నంబరు కొడితే 'లేదు' అని వస్తున్న బాండ్లు. టైపింగ్ తప్పు అన్నారు. కాకపోవచ్చు. ఆలస్యమైతే రైతు కాసేపు నిలబడతాడు, ఉన్న బాండు లేదంటే సరుకే పోయిందంటాడు.

మూడు ప్రశ్నలు. బాండు నంబరు కాలమ్ టెక్స్టా, అంకెలా? ఆ నంబర్లలో గీతలు, చుక్కలు లాంటివి ఉన్నాయా? దొరకని బాండ్లు మొత్తం రిపోర్టులో కనిపిస్తున్నాయా?

ఎందుకు అడుగుతున్నానంటే, మీరు డేటా ఫోల్డర్ ఉన్నదున్నట్టు కాపీ చేశారు. ఇండెక్స్ అంటే అక్షరక్రమంలో పేర్చి పెట్టిన జాబితా. ఆ క్రమాన్ని మామూలుగా పోస్ట్‌గ్రెస్ సొంతంగా పెట్టుకోదు, లైనక్స్‌లో ఉండే జీలిబ్‌సీ అనే లైబ్రరీని అడుగుతుంది. 2018లో వచ్చిన జీలిబ్‌సీ 2.28లో ఆ క్రమాన్ని బాగా మార్చేశారు. సెంటాస్ 7లో ఉన్నది 2.17, ఉబుంటు 22.04లో ఉన్నది 2.35. అంటే మీ జాబితా పాత క్రమంలో పేర్చి ఉంది, వెతికేవాడు కొత్త క్రమంలో వెతుకుతున్నాడు. సరిగ్గా మధ్యకు తెరిచి, నాకు కావాల్సింది ఎడమ వైపు ఉండాలి అనుకుని అటు వెళ్తాడు. అది కుడి వైపు ఉంటుంది. లేదని చెప్పేస్తాడు. ఎర్రర్ ఉండదు, హెచ్చరిక ఉండదు. డేటాబేస్ ఏ క్రమంతో తయారైందో వెర్షన్ రాసిపెట్టుకునే పద్ధతి 15లో వచ్చింది. మీ పాత 11లో అది లేదు కాబట్టి పోల్చడానికి ఏమీ లేదు.

పాత డబ్బా ఆన్‌లో ఉందన్నారు, మంచిదైంది. రెండింటిలోనూ ఈఎన్_యూఎస్ లొకేల్ (భాషను బట్టి అక్షరక్రమం చెప్పే సెట్టింగు) పెట్టి, 1-1 ఒక లైను, 11 ఒక లైను ఇచ్చి సార్ట్ చేయండి. ఏది ముందు వస్తుందో చూసి చెప్పండి.

నాలుగో ఛాంబర్

మాస్టారూ, చేతులు వణుకుతుండగా టైప్ చేస్తున్నాను. పాత డబ్బాలో 11 ముందు వచ్చింది, 1-1 తర్వాత. కొత్తదాంట్లో 1-1 ముందు, 11 తర్వాత.

మీ ప్రశ్నలకు: కాలమ్ టెక్స్టే. మామూలు బాండ్లకు ఒట్టి అంకెలే, గీత ఉండదు. రైతు తన లాటులో కొంత ఒక వ్యాపారికి అమ్మి మిగతాది తన పేరు మీదే ఉంచుకుంటే బాండు చీలుస్తాం, అప్పుడు 418-1, 418-2 అని వేస్తాం. దొరకనివి దాదాపు అన్నీ ఇలాంటి చీలిక బాండ్లే. మొత్తం రిపోర్టు తీస్తే అందులో చక్కగా కనిపిస్తున్నాయి! విడిగా వెతికితే లేవు.

పాత సిస్టమ్స్ మాస్టారు

పాత క్రమంలో ముందు గీతను లెక్కలోకి తీసుకోకుండా పోల్చేవారు, కాబట్టి 418-1 వెళ్లి 4181 పక్కన కూర్చుంది. కొత్త క్రమంలో అది 418 వెనకే, 4180 కంటే ముందు ఉండాలి. మధ్యలో ఇలాంటిది తగిలితే గీత లేని నంబరు కూడా ఒక్కోసారి దొరక్కుండా పోవచ్చు.

గేటు మూశాక రీఇండెక్స్ డేటాబేస్ నడపండి, ఇండెక్సులన్నీ కొత్తగా కడుతుంది. ముందు బ్యాకప్ తీసుకోండి. యూనిక్ ఇండెక్స్ (ఒకే నంబరు రెండుసార్లు పడనివ్వనిది) దగ్గర ఆగిపోతే కంగారు పడకండి, ఆగిన చోట డూప్లికేట్ ఉందని అర్థం. 'లేదు' అన్నప్పుడల్లా మీవాళ్లు ఏం చేశారో గుమాస్తాను మెల్లగా అడగండి, కసరకండి. అయ్యాక ఆమ్‌చెక్ ఎక్స్‌టెన్షన్ వేసి బీటీ_ఇండెక్స్_చెక్‌తో అన్ని ఇండెక్సులూ ఒకసారి పరీక్షించండి.

నాలుగో ఛాంబర్

రాత్రి పదకొండయింది, ఇప్పుడే ఇంటికొచ్చాను. జరిగింది రాస్తున్నాను.

ఆరున్నరకు గేటు మూసి, బ్యాకప్ తీసి, రీఇండెక్స్ పెట్టాను. రెండు నిమిషాలకు ఆగింది. మాస్టారు చెప్పినట్టే, సీజన్, యూనిట్, బాండు నంబరు మూడూ కలిసిన యూనిక్ ఇండెక్స్ దగ్గర డూప్లికేట్ కీ అని. గ్రూప్ బై వేసి చూస్తే మూడు బాండ్లు రెండేసిసార్లు ఉన్నాయి. యూనిక్ అని పెట్టిన చోట రెండు ఎలా పడ్డాయా అని మొదట బుర్ర తిరిగింది. పడతాయి మరి. కొత్త ఎంట్రీ పెట్టేటప్పుడు అది వెతికేది కూడా అదే ఇండెక్స్‌లోనే కదా, పాతది దానికి కనిపించలేదు.

గుమాస్తాను మెల్లగానే అడిగాను. 'లేదు' అని వచ్చేసరికి, సీజన్లో హడావుడిలో ఎంట్రీ మిస్ అయిందనుకుని రైతు చేతిలో ఉన్న బాండు చూసి మళ్లీ కొట్టాడట. అతని తప్పేముంది, గేటు ముందు మనుషులు నిలబడి ఉన్నారు.

ఏది నిజమో తేల్చడానికి కౌంటర్‌ఫాయిల్ పుస్తకాలు దించాం. చీలిక బాండ్లవి వేరే పుస్తకం, ఎర్ర అట్ట. బీరువా పై అరలో ఉంటాయి, దించగానే మిరప దుమ్ముకి ముగ్గురం తుమ్ములే తుమ్ములు. రెండు బాండ్లు రెండు ఎంట్రీల్లోనూ ఒకేలా ఉన్నాయి, కొత్తవి తీసేశాను. మూడోది 418-2. పాత ఎంట్రీలో 34 టిక్కీలు తేజ రకం మిర్చి, కొత్త ఎంట్రీలో 43. కౌంటర్‌ఫాయిల్ మీద మా పాత మేనేజరు గారి చేతిరాత, 34 అని, కింద అక్షరాల్లో ముప్పది నాలుగు అని కూడా రాశారు. సోమవారం కొట్టిన 20 టిక్కీల గేట్ పాసు వెళ్లి కొత్త ఎంట్రీకి తగులుకుంది. దాన్ని పాత ఎంట్రీ ఐడీకి మార్చి, కొత్తది డిలీట్ చేశాను. మూడూ ఒకే ట్రాన్సాక్షన్‌లో చేసి, కమిట్ కొట్టే ముందు ఆ మూడు బాండ్ల నిల్వలు కాగితం మీద రాసి ఓనరు గారికి చూపించాను. ఆయన సంతకం పెట్టారు. డేటాబేస్‌కు సంతకం ఎందుకని నవ్వారు గానీ పెట్టారు.

మళ్లీ రీఇండెక్స్ పెడితే మూడు నిమిషాల్లో పూర్తయింది. ఆమ్‌చెక్ అన్నింటికీ మౌనంగా ఉంది. ఏమీ అనకపోతే బాగున్నట్టే అని చదివాను. 418-2 కొడితే వచ్చింది. చీలిక బాండ్లు నలభై వరకు యాదృచ్ఛికంగా కొట్టి చూశాను, అన్నీ వచ్చాయి. జిట్ ఆపి, విత్ సరిచేశాక అద్దె రిపోర్టు మూడు సెకన్లకు లోపే.

ఆ 418-2 ఎవరిదో ఊహించండి. ప్రత్తిపాడు పెద్దాయనదే. మిగతా పద్నాలుగు టిక్కీలకు రేపు వస్తానన్నారట.

ఆటోనగర్ టేబుల్

అక్కా, నేను ఆ 'లేదు' లైను చదివి కూడా వదిలేశాను. పొద్దున వెళ్లగానే మా ట్రాన్స్‌పోర్టు సర్వర్లు రెండు చూసుకోవాలి. మా బుకింగ్ నంబర్లలోనూ గీతలున్నాయి.

పాత సిస్టమ్స్ మాస్టారు

పాత డబ్బాను అప్పుడే స్క్రాప్‌కి ఇవ్వకండి. రేపు రాత్రి పీజీ_డంప్‌తో డేటా మొత్తం ఫైల్లోకి తీసి ఎక్కడైనా ఖాళీ డేటాబేస్‌లో రిస్టోర్ చేసి చూడండి. యూనిక్ దగ్గర, ఫారిన్ కీ దగ్గర ఇంకేమైనా తేడాలు మిగిలి ఉంటే అక్కడ బయటపడతాయి.

నాలుగో ఛాంబర్

సరేనండీ, రేపు గేటు మూశాక పెడతాను. పాత డబ్బాలో క్రాన్ మాత్రం ఆపేశాను.